నీలవ్వ ఒంటి తుమ్ము

నీలవ్వ ఒక్కసారే తుమ్ముతుంది. వచ్చిన చిక్కంతా అక్కడే.

రెండుసార్లు తుమ్మితే ఏ గొడవా లేదు. బయలుదేరేటప్పుడు జంట తుమ్ము వినబడితే మంచిదే అంటారు, నవ్వుకుంటూ పోతారు. ఒంటి తుమ్మయితేనే కాలు ఆగిపోతుంది. ఎక్కిన బండి దిగాలి, కాసేపు కూర్చోవాలి, గుక్కెడు నీళ్లు తాగాలి, అప్పుడు మళ్లీ కదలాలి. పెర్కిట్‌లో హైవే నుంచి లోపలికి తిరిగే సందు మొదట్లో నీలవ్వ చాయ్ బండి ఉంది. దానికి ఇరవై అడుగుల దూరంలో పసుపు పాలిష్ పట్టే డ్రమ్ము ఉంది. మార్చి వచ్చిందంటే ఆ డ్రమ్ము పొద్దున్నే గరగరమని తిరగడం మొదలుపెడుతుంది. ఉడకబెట్టి ఎండబెట్టిన కొమ్ములు అందులో ఒకదానికొకటి రాసుకుని నున్నగా బయటికొస్తాయి, వాటి పొట్టంతా దుమ్మయి సందు నిండా లేస్తుంది. ఆ కొమ్ముల్ని బస్తాలకెత్తి నిజామాబాద్ మార్కెట్ యార్డుకు తీసుకుపోయే డీసీఎం వ్యాను సరిగ్గా నీలవ్వ బండి ముందు నుంచే కదలాలి. అది కదిలే వేళకు దుమ్ము ఆమె ముక్కులో పడుతుంది. టార్పాలిన్ పట్టా నిలువునా చింపినట్టు ఒక్క తుమ్ము. ఒక్కటే.

డీసీఎం ఆగిపోతుంది. డ్రైవర్ ముస్తకీమ్ స్టీరింగ్ మీద తల ఆనించి, "జర ఇంకొక్కటి తుమ్మరాదు నీలవ్వా" అని బతిమాలుతాడు. ఆమె ప్రయత్నిస్తుంది కూడా, పాపం. ముక్కు నలుపుకుంటుంది, సూర్యుడి వైపు చూస్తుంది. రాదు.

ఈ వ్యవహారాన్ని సందులో అందరికంటే ఇష్టంగా చూసే మనిషి పూజిత. హైదరాబాద్‌లో డిగ్రీ పూర్తి చేసి మూడు నెలల కింద వచ్చింది. తల్లి యమున ఆర్మూర్‌లో నర్సు, పెర్కిట్‌లో అద్దెకుంటుంది. ఏం చేస్తావే అని తల్లి అడిగితే, రాస్తానంది. ఏం రాస్తావే అంటే ఇంకా తెలియదంది. తెలిసేదాకా నోట్‌బుక్ రాస్తోంది. రోజుకు కనీసం ఒక్కటి, తాను వెతకకుండా తనకు దొరికింది రాయాలి, అదొక్కటే నియమం. దొరకని రోజు లేదు. అద్దాల షాపు ఎక్కడుందో తెలియక మూడు రోజులు తిరిగితే, ఆటోలో పక్కన కూర్చున్న పెద్దాయన చేతిసంచీ మీదే ఆ షాపు పేరు, అడ్రసు. బస్సు తప్పిపోయి తిట్టుకుంటూ నిలబడితే, పక్కనున్న అమ్మాయి తన ఊరి మీదుగా పారే ఒర్రె పేరు వెనక కథంతా చెప్పింది. ఇలాంటివి రాసేటప్పుడు పూజిత పెన్ను అక్షరాల మీద నడవదు, దూకుతుంది. ఆమె రాసింది తర్వాత ఆమెకే చదవరాదు.

దీనికి ఇంగ్లీషులో సెరెండిపిటీ అని ఒక మాట ఉంది, కాలేజీలో నేర్చుకుంది. తెలుగు మాట దొరకలేదు. ఫోన్లో వెతికితే నోరు తిరగని సమాసాలు వచ్చాయి. ఒకరోజు చాయ్ తాగుతూ నీలవ్వనే అడిగింది, మనం వెతకకుండానే మంచిదేదన్నా వచ్చి మనకు తగిలితే ఏమంటారు అవ్వా అని. నీలవ్వ చాయ్ వడపోస్తూ తల కూడా ఎత్తలేదు.

"ఏమంటం? కలిసొచ్చింది అంటం."

పూజిత గ్లాసు పక్కన పెట్టేసింది. ఇంత చిన్న మాట, పుట్టినప్పటి నుంచీ చెవిలో ఉన్న మాట, ఎందుకు తట్టలేదు? కలిసి రావడం. ఎక్కడినుంచో ఇది, ఇంకెక్కడినుంచో అది, దారిలో కలిసి, మన దగ్గరికి రావడం. అప్పటికప్పుడే నోట్‌బుక్ అట్ట మీద పెద్దక్షరాలతో "కలిసొచ్చినవి" అని రాసేసింది. ఆ రోజు నుంచి పొద్దున చాయ్ నీలవ్వ దగ్గరే, రాత కూడా అక్కడి బల్ల మీదే. కాబట్టి నీలవ్వ తుమ్ములు కూడా నోట్‌బుక్‌లోకి ఎక్కాయి, నంబర్లతో సహా.

పదకొండో తుమ్ము ధర్మయ్యకు తగిలింది.

ధర్మయ్యది ఆ సందే, ఐదెకరాల పసుపు. ఈసారి పంటలో సగం డ్రమ్ముకు వేసి, బస్తాలు ఎక్కించి, ముస్తకీమ్ పక్కన క్యాబిన్‌లో కాలు పెట్టాడో లేదో, తుమ్ము వినబడింది. దిగాడు, కూర్చున్నాడు, నీళ్లు తాగాడు, అరగంట ఆగాడు. అయినా ఆ రోజు యార్డులో అతని పసుపుకు అడిగినవాళ్లే తక్కువ. అనుకున్న ధరలో సగానికి కొంచెం పైన ఇచ్చేసి, సాయంత్రం తువ్వాలు నెత్తిన వేసుకుని సందులోకి నడిచిపోయాడు. మరునాడు పొద్దున పదిమందిని వెంటబెట్టుకుని చాయ్ బండి దగ్గరికి వచ్చాడు. గట్టిగా మాట్లాడలేదు. అందుకే భయం వేసింది పూజితకు.

"వదినె, నీ మీద నాకేం కోపం లేదు. నీ ముక్కు మీదనే."

"ముక్కు ఇంటికాడ పెట్టి రావాల్నా మరి?" అంది నీలవ్వ.

ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు. ధర్మయ్య మాత్రం నవ్వలేదు. అమాస లోగా బండి హైవే అవతలికి మార్చుకోవాలన్నాడు. మిగతావాళ్లు తలలూపారు. ఇంకా పసుపు మిగిలినవాళ్లే వాళ్లంతా, ఎవరి భయం వాళ్లది.

హైవే అవతల అంటే ఏమిటో అందరికీ తెలుసు. అక్కడ లారీలు ఊపిరాడనివ్వకుండా పోతుంటాయి తప్ప ఏదీ ఆగదు. ఇక్కడైతే డ్రమ్ము దగ్గరి కూలీలు, బస్తాలెత్తే హమాలీలు, ఆటోలవాళ్లు. పద్దెనిమిదేళ్లుగా ఆ మూల మీదే నీలవ్వ ఒక్కతే బతుకుతోంది. గ్లాసులు కడిగింది. అమాసకు తొమ్మిది రోజులుంది.

పూజిత ఇంటికి పోయి అన్నం ముందు కూర్చుని, తినకుండా నోట్‌బుక్ తిరగేసింది. ఊరికే, కోపం పట్టలేక. మూడో తుమ్ము పేజీ తగిలింది. ఆ రోజు ముస్తకీమ్ ఇరవై నిమిషాలు ఆగాడు, ఆ ఇరవై నిమిషాల్లోనే దొంకేశ్వర్ నుంచి ఫోను, ఖాళీగా రావలసిన బండికి వాపసు లోడు దొరికింది. ఐదో తుమ్ము. బండి ఆగింది కాబట్టే పిల్లకు జ్వరమని పరుగెత్తుకొచ్చిన ఒకామె అందులో ఎక్కగలిగింది. ఎనిమిదో తుమ్ము. బండి దిగి కూర్చున్నవాడి కంటికి వెనక టైరులో దిగిన మేకు కనబడింది. పూజిత లేచి నిలబడింది. మళ్లీ కూర్చుంది. మళ్లీ లేచింది. తుమ్మిన ప్రతి రోజూ ఏదో ఒకటి కలిసొచ్చింది. ప్రతి రోజూ. చేతిరాత తనది, తేదీలు ఉన్నాయి, సాక్షులు ఉన్నారు. నీలవ్వ తుమ్ము చెడ్డది కానే కాదు.

చెప్పులు మరిచిపోయి చాయ్ బండి దాకా పరుగెత్తింది. అప్పటికే స్టవ్ ఆరిపోయింది, ఎవరూ లేరు.

మరునాడు పొద్దున చాయ్ బండి దగ్గర బల్ల ఎక్కి మరీ చదివింది. ఊపిరి అందక మధ్యమధ్య ఆగుతూ, తన రాత తనకే అర్థంకాక తడుముకుంటూ, తేదీలతో సహా చదివింది. మొదట ఎవరూ పట్టించుకోలేదు. ఎనిమిదో తుమ్ము దగ్గరికి వచ్చేసరికి ముస్తకీమ్ గ్లాసు కింద పెట్టేశాడు. మేకు సంగతి నిజమేనన్నాడు. ఆ మేకుతో హైవే ఎక్కి ఉంటే ఏమయ్యేదో అని రెండు చెంపలూ తాకి తోబా చెప్పుకున్నాడు. నీకు ఈ తుమ్ముల మీద నమ్మకముందా భాయ్ అని పూజిత అతన్ని అడిగింది.

"నేనైతే నమ్మ బేటీ. గని బండికి గా సంగతి తెల్వదు గదా."

అంతే, గాలి తిరిగింది. ఒకరికొకరు చెప్పుకున్నారు, సాయంత్రానికి సందంతా తెలిసింది. బండి మార్చమన్న మాట ఎత్తినవాడు లేడు. ధర్మయ్య ఒక్కడే దూరంగా నిలబడి విని వెళ్లిపోయాడు. పూజితకు ఆ రాత్రంతా నిద్ర లేదు, సంతోషంతో. ఒక నోట్‌బుక్ ఒక మనిషిని నిలబెట్టింది. ఇంతకంటే పెద్ద కలిసొచ్చుడు ఏముంటుంది?

రెండు రోజులు బాగానే గడిచాయి. మూడో రోజు ఒక డీసీఎం నీలవ్వ ముందుకు వచ్చి ఆగింది. తుమ్మకముందే.

ఏం కావాలని ఆమె అడిగితే, క్యాబిన్‌లో ఉన్న రైతు సిగ్గుపడుతూ, చాయ్ ఒద్దు, తుమ్ము కోసం ఆగామన్నాడు. పూజిత పొట్ట పట్టుకుని నవ్వింది, అది కూడా రాసుకుంది. నాలుగో రోజు మూడు బండ్లు వరుసలో నిలబడ్డాయి. ఐదో రోజు ఒకాయన ఖాళీ పసుపు సంచి తెచ్చి నీలవ్వ ముఖానికి దగ్గరగా దులిపాడు. ఇంకొకాయన అరచేతిలో పొడి పట్టుకొచ్చి ఊదాడు. నీలవ్వ కళ్లు ఎర్రబడ్డాయి, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంటే, అడ్డం తీయమ్మా మాకు ఆలస్యమవుతోందని అడిగారు. చాయ్ మాత్రం ఎవరూ అడగలేదు. పాలు మరిగి మరిగి అడుగంటాయి. పూజిత ఆ రోజు కూడా నోట్‌బుక్ తెరిచింది గానీ, పెన్ను దూకలేదు.

ఏడో రోజు సాయంత్రం సిరికొండ నుంచి ఎంకటి అనే రైతు వచ్చాడు. అంతకుముందు రోజు అతని బండి గంటసేపు వేచి ఉండగా నీలవ్వకు తుమ్ము వచ్చీరాక, సగంలో ఆగింది. దాన్నే లెక్కలో వేసుకుని అతను పోయాడు. యార్డులో అతని పసుపుకు మంచి ధర రాలేదు. చాయ్ బండి ముందు గొంతుక్కూర్చుని చాలా బాధగా చెప్పాడు.

"నువ్వు మనసు పెట్టి తుమ్మలే నీలవ్వా."

నీలవ్వ స్టవ్ ఆర్పేసింది. ఎంకటి పోయాక గ్లాసులు ఒకదాంట్లో ఒకటి పేర్చి, సంచిలో పెట్టడం మొదలుపెట్టింది. అమాస ఎల్లుండి కదా, నేనే పోతానంది. ఎవరూ పొమ్మనడం లేదు కదా అవ్వా, అందరూ ఉండమంటున్నారు కదా అని పూజిత అడ్డం పడింది. అప్పుడు నీలవ్వ సంచి కింద పెట్టి ఆమె వైపు తిరిగింది.

"మొన్నటిదాంక నా తుమ్ముతోని చెడ్డయింది అన్నరు. ఇయ్యాల నా తుమ్ముతోని మంచయితది అంటున్నరు. ఏదన్నా మోసేది నేనే గదా బిడ్డా. దుమ్ము బడితె తుమ్మొస్తది. గంతే గది."

"నేను నీ మంచికే..."

"నీ మంచి సల్లగుండ. నాకు చాయ్ అమ్ముకునే జాగ గావాలె, మొక్కే జాగ ఒద్దు."

పూజిత ఇంటికి పోలేదు. డ్రమ్ము దగ్గర బండి కడుగుతున్న ముస్తకీమ్ దగ్గరికి పోయి, తుమ్మిన రోజులు ఒక్కొక్కటే అడిగింది. అతను చెప్తూ పోయాడు, నీళ్లు కొడుతూనే. మూడో తుమ్ము నాటి వాపసు లోడు దొరికిన మాట నిజమే, కానీ ఆ లోడు తడిసిన మొక్కజొన్న, ఆ మక్కలు దించేచోట రోజంతా తగువు. ఆరో తుమ్ము రోజు తాడు తెగి రెండు బస్తాలు హైవే మీద పగిలాయి. పూజిత ఆరో తుమ్ము పేజీ తీసింది. బండి ఆగినప్పుడు ముస్తకీమ్ భాయ్ భలే పాట పాడాడు అని ఉంది. బస్తాల సంగతి ఆ సాయంత్రమే ఆమె విన్నది. రాయలేదు. పదకొండో తుమ్ము పేజీ తీయడానికి చేయి రాలేదు, అయినా తీసింది. ఆ రోజు సిరికొండ నుంచి ఎవరో ఒకామె రాంగ్ నంబర్‌కు ఫోన్ చేసి, పెట్టేసేముందు అంబలి ఎట్లా పులియబెట్టాలో చెప్పింది. పేజీన్నర ఉంది అంబలి గురించి, చివర మూడు నక్షత్రాలు గీసి. తువ్వాలు నెత్తిన వేసుకుని ధర్మయ్య సందులోకి నడిచిపోవడం ఆమె కళ్లారా చూసింది. దాని గురించి ఒక్క ముక్క లేదు.

నోట్‌బుక్ అట్ట మీద ఏం రాసుకుందో అదే లోపల ఉంది. కలిసొచ్చినవి. కలిసిరానివి ఎక్కడ రాసింది? వాళ్లు చెడ్డ రోజులే గుర్తుపెట్టుకుని తుమ్మును చెడ్డదన్నారు. తను మంచి రోజులే రాసిపెట్టి మంచిదంది. తేడా ఏముంది? వాళ్లకు కనీసం బల్ల ఎక్కి చదివే అలవాటు లేదు.

అమాసకు ముందు రోజు పొద్దున సందు నిండా జనం. ధర్మయ్య మిగిలిన సగం పంట ఆ రోజే యార్డుకు పోతోంది. డ్రమ్ము ఇంకా మొదలుకాలేదు, బస్తాలెక్కించిన డీసీఎం సిద్ధంగా ఉంది. తుమ్ము కోసం వచ్చిన ఇంకో రెండు బండ్లు వెనక ఉన్నాయి. నీలవ్వ సామాను సర్దిన సంచి బల్ల కింద ఉంది. ఆమె చివరి రోజు చాయ్ పెడుతోంది. పూజిత ఈసారి బల్ల ఎక్కలేదు. ధర్మయ్య ఎదురుగా నేల మీదే నిలబడింది.

చదివింది. ఈసారి రాయనివి కూడా చెప్పింది. తడిసిన మక్కలు, తెగిన తాడు, ఎంకటి పసుపు. చివరికి పదకొండో పేజీ, అంబలి, మూడు నక్షత్రాలు.

"కాకా, మీరు గట్ల నడుసుకుంట పోతుంటే నేను చూసిన. రాయలే. నాకు మంచిగ అనిపించినయే రాసుకున్న. నా బుక్కు సగం బుక్కే."

చాయ్ పొంగుతుంటే నీలవ్వ గిన్నె దించింది. ధర్మయ్య చాలాసేపు ఆ నోట్‌బుక్ వైపు చూశాడు.

"అంబలి కుదిరిందా మరి?"

"లేదు కాకా. పాడైంది. అది గూడ రాయలే."

వెనకెక్కడో ముస్తకీమ్ నవ్వాడు. ఆ నవ్వు ఒకరి నుంచి ఒకరికి పాకింది గానీ ధర్మయ్య దగ్గరికి వచ్చి ఆగింది. అతను నీలవ్వ వైపు తిరిగి, ఆ రోజు నాకు నష్టం వచ్చిన మాటైతే నిజమే కదా వదినె అన్నాడు. నిందగా కాదు, అడుగుతున్నట్టే.

"నిజమే," అంది నీలవ్వ. "తుమ్మింది నేను. దిగింది నువ్వు. అర్ధగంట కూసున్నది నువ్వు. నీకంటె ముందు ఎన్ని బండ్లు పోయి యార్డుల నిలవడ్డయో గది ఎవల్నన్న అడిగినవా?"

ముస్తకీమ్ గొంతు సవరించుకుని, వేరే ఎటో చూస్తూ, పద్నాలుగు బండ్లన్నాడు.

అప్పుడే డ్రమ్ము మొదలైంది. గరగరమని ఒక చుట్టు, రెండు చుట్లు. పచ్చటి దుమ్ము లేచి, డ్రమ్ము నుంచి సందులోకి, సందులో నుంచి చాయ్ బండి మీదికి వచ్చింది. ధర్మయ్య క్యాబిన్ మెట్టు మీద ఒక కాలు పెట్టాడు. నీలవ్వ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకోబోయి, ఎందుకో మానేసింది. వెనక బండ్లలోవాళ్లు తలలు బయటికి పెట్టారు. ఏది రావాలని కోరుకోవాలో పూజితకు తెలియలేదు. ఒకటా, రెండా, అసలు రాకూడదా?

తుమ్ము వచ్చింది. పట్టా చింపినట్టు. ఒక్కటే.

ధర్మయ్య కాలు మెట్టు మీదే ఉంది. రెండో కాలు నేల మీద ఉంది. నేల మీద కాలు ఒకసారి కదిలి, మళ్లీ ఆనుకుంది. నీళ్ల బాటిల్ అందించడానికి ఎవరో ముందుకొచ్చారు. అతను చూశాడు, తీసుకోలేదు.

"పోనియ్ ముస్తకీమ్," అన్నాడు, రెండో కాలు పైకి లాక్కుంటూ. "పొద్దు పోతుంది."

డీసీఎం కదిలింది. వెనక రెండు బండ్లు ఏం చేయాలో తోచక ఒకదాన్నొకటి చూసుకున్నాయి. తర్వాత అవీ కదిలాయి. నీలవ్వ ముక్కు తుడుచుకుని, హమాలీలకు చాయ్ పోసింది.

ఆ రోజు పూజితకు గంట ఒక రోజులా గడిచింది. పసుపు ఎంతకు పోయిందో? ముస్తకీమ్‌కు ఫోన్ చేద్దామని నాలుగుసార్లు నంబర్ తీసింది. నాలుగోసారి నీలవ్వ చూసింది.

"జెయ్యకు," అంది. "మంచి ధర ఒచ్చిందనుకో, నా తుమ్ము మంచిదైతది. రాలేదనుకో, చెడ్డదైతది. నీకెందుకు ఫికర్?"

పూజిత ఫోను సంచిలో పెట్టి, ఆ సంచి మీద కూర్చుంది.

పొద్దుగూకే వేళకు డీసీఎం వచ్చింది. ధర్మయ్య దిగాడు. తువ్వాలు నెత్తిన లేదు, భుజాన ఉంది. అంటే మంచి ధరా? చెమట తుడుచుకోవడానికి తీశాడేమో. ముఖం చూస్తే అలసట తప్ప ఏమీ లేదు. పూజిత నాలుక చివర దాకా వచ్చింది ప్రశ్న. రెండు చేతులూ బల్ల అంచుకు వేసి పట్టుకుంది. అడగలేదు. ధర్మయ్య కూడా చెప్పలేదు. తొమ్మిది రోజుల తర్వాత మొదటిసారి వచ్చి ఆ బల్ల మీద కూర్చుని, చాయ్ తీసుకుని, సగం తాగేదాకా డ్రమ్ము వైపే చూస్తూ ఉన్నాడు.

"రేపు మక్కలకు కూలోళ్లొస్తరు వదినె, పదిహేను మంది," అన్నాడు చివరికి. "ఆరింటికే స్టవ్ ముట్టియ్యరాదు?"

నీలవ్వ బల్ల కింద నుంచి సంచి లాగి, గ్లాసులు ఒక్కొక్కటే బయటికి తీస్తోంది.

"ఆరింటికి పాలోడు రాడు," అంది. "ఆరున్నర."